మాయ దిగాక ఏం మిగలాలి? మీ టేబుల్‌కి సరిపోయే పద్ధతి ఎంచుకోవడం ఎలా

డన్జన్స్ అండ్ డ్రాగన్స్ లాంటి, పాత్రలు తీసుకుని కథ నడిపే ఆటల్లో చార్మ్ స్పెల్ (ఎదుటివాడి మనసుని వశం చేసే మంత్రం) వేయడం సులువు. సేవింగ్ త్రో (మాయని తట్టుకోవడానికి వేసే పాచిక, పొట్టిగా సేవ్) పోయింది, కాపలావాడు నవ్వుతూ తలుపు తీశాడు, పార్టీ (ఆటగాళ్ల పాత్రల బృందం) లోపలికి వెళ్లిపోయింది. గంట గడిచాక ఆ కాపలావాడి సంగతేంటి? పై అధికారికి ఏం చెప్పుకుంటాడు? రేపు అదే పార్టీ సంతలో ఎదురుపడితే పలకరిస్తాడా, కత్తి తీస్తాడా? ఆ మాయలో పడింది మన ఆటగాళ్లలో ఒకరి క్యారెక్టరే అయితే? బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం వైపు తెలుగులో ఈ ఆటలు ఆడే కుర్రాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే.

రూల్‌బుక్కుల్లో దీనికి నాలుగైదు రకాల జవాబులున్నాయి. దేని లాభం దానిది, దేని ఖర్చు దానిది. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మాయ ఉన్నంతసేపు పగ్గాలు డీఎం (ఆట నడిపేవాడు) చేతిలో ఉండొచ్చు. అది దిగాక లోపల ఏం మిగిలిందో చెప్పాల్సింది మాత్రం ఆ క్యారెక్టర్‌ని ఆడే మనిషే. కింద చెప్పే పద్ధతుల్లో ఏది తీసుకున్నా ఈ ఒక్క విషయంలో రాజీపడకండి.

ముందు చూసుకోవాల్సినవి

అన్నిటికంటే ముందు, మీరు ఎన్నాళ్లకోసారి కలుస్తారో చూసుకోండి. మన దగ్గర చాలా టేబుళ్లు (కలిసి ఆడే గ్రూపులు) సెలవుల టేబుళ్లే. భువనేశ్వర్‌లోనో విశాఖలోనో చదువుకునేవాళ్లు దసరాకి, సంక్రాంతికి, జూన్‌లో రజొ పండగకి ఇంటికొస్తారు. నాలుగు రోజులు వరసగా ఆడి వెళ్లిపోతారు. నాలుగు నెలల కిందటి సెషన్‌లో ఎవరి మీద ఏ స్పెల్ ఉందో, ఇంకా ఎన్ని రోజులు మిగిలాయో ఎవరికి గుర్తుంటుంది? ప్రతి ఆదివారం ఆడే గ్రూపుకి ఈ ఇబ్బంది లేదు.

రెండోది లెక్క. ఎవరో ఒకరు కాగితం మీద రాసి పెట్టాలి. డీఎం ఒక్కడే అన్నీ మోస్తుంటే మూడో వారానికి వదిలేస్తాడు.

మూడోది విరుగుడు. మాయ తర్వాత మిగిలినదాన్ని పోగొట్టడానికి దారి ఉందా, ఉంటే ఎంత ఖర్చు? అసలు దారే లేకపోతే ఆటగాడికి అది శిక్షలా అనిపిస్తుంది. దారి మరీ చవకైతే మాయకి విలువే ఉండదు.

నాలుగోది, దెబ్బ ఎవరికి తగులుతోందన్నది. ఎన్‌పీసీకి (డీఎం ఆడించే పాత్రకి) తగిలితే కథ మారుతుంది. ఆటగాడి క్యారెక్టర్‌కి తగిలితే ఎదురుగా కూర్చున్న మనిషి ఆ సాయంత్రం గడిపే తీరే మారిపోతుంది. ఈ రెండింటికీ ఒకే రూల్ పెట్టాలన్న నియమం ఎక్కడా లేదు.

1. టైమ్ అయిపోయింది, విషయం తెలిసిపోయింది

డన్జన్స్ అండ్ డ్రాగన్స్ ఐదో ఎడిషన్ 2014 పుస్తకం పద్ధతి ఇది. చార్మ్ పర్సన్ ఒక గంట ఉంటుంది. అది పూర్తికాగానే, తన మీద ఫలానావాడు మాయ చేశాడని ఎదుటి మనిషికి తెలిసిపోతుంది. ఫ్రెండ్స్ అనే చిన్న స్పెల్ ఇంకా కటువు. నిమిషం అయ్యాక ఎదుటివాడు శత్రువే అయిపోతాడు.

లెక్క రాయాల్సిన పని లేదు, పర్యవసానం మాత్రం గట్టిగా ఉంటుంది. అందరూ అందరికీ తెలిసిన చిన్న ఊళ్లో కథ నడుస్తుంటే ఈ ఒక్క రూలే చాలు. కిరాణా కొట్టతని మీద ఒకసారి చార్మ్ వేస్తే సాయంత్రానికి వీధి వీధంతా తెలిసిపోతుంది.

లోపం ఎక్కడంటే, ఆటగాడి క్యారెక్టర్ మాయలో పడినప్పుడు. గంటసేపు వాడి చేత ఏవేవో చేయించి, గంట కొట్టగానే 'సరే, నీ క్యారెక్టర్ నీకు ఇచ్చేశాం' అంటే అక్కడేదో తెగిపోయినట్టు ఉంటుంది. తెలిసిందన్న ముక్క పుస్తకంలో ఉంది. తెలిశాక ఏమైందన్నది లేదు.

దీనికి దగ్గర్లోనే పాత్‌ఫైండర్ రెండో ఎడిషన్ (2019) ఇంకో దారి చూపిస్తుంది. అక్కడి చార్మ్‌లో సేవ్ ఫలితం నాలుగు మెట్లుగా ఉంటుంది. బాగా గెలిచినవాడికి మాయ ప్రయత్నం జరిగిందని తెలుస్తుంది. మామూలుగా గెలిచినవాడు అదేదో హాని లేని మంత్రం అనుకుంటాడు. ఓడినవాడు స్నేహంగా మారతాడు, దారుణంగా ఓడినవాడు సాయం చేయడానికే సిద్ధపడతాడు. స్పెల్ అయిపోయాక కూడా తను మాయలో పడ్డానని తప్పనిసరిగా తెలియాలనేం లేదు. చేసిన పనులు తన స్వభావానికి పొసగకపోతేనే అనుమానం వస్తుంది. మాటకారితనంతో నెగ్గుకొచ్చే పార్టీలకి ఇది హాయి. మాయ దిగాక మామూలు మాటలతోనే ఆ స్నేహాన్ని నిలబెట్టుకోవచ్చు. కాకపోతే 'పొసగలేదా' అన్నది ప్రతిసారీ డీఎం తేల్చాలి, అక్కడ వాదన మొదలవుతుంది. వాదన ఇష్టపడని టేబుల్‌కి ఐదో ఎడిషన్ రూలే మంచిది.

2. క్యాలెండర్ మీద నడిచే మాయ

పాత ఆటల్లో చార్మ్ గంటల్లో పోయేది కాదు. 1978 నాటి అడ్వాన్స్‌డ్ డన్జన్స్ అండ్ డ్రాగన్స్ పుస్తకంలో చార్మ్ పర్సన్ తెగాలంటే మళ్లీ సేవ్ వేయాలి. ఎన్నాళ్లకోసారి వేయాలన్నది తెలివిని బట్టి ఉంటుంది. ఇంటెలిజెన్స్ 3 కంటే ఎక్కువ లేనివాడికి మూడు నెలలకోసారి, 10 నుంచి 12 మధ్య ఉన్న మామూలు మనిషికి మూడు వారాలకోసారి, 18 ఉన్నవాడికి రెండు రోజులకోసారి. అంటే ఒక సగటు మనిషి వారాల తరబడి ఎవరినో ప్రాణ స్నేహితుడనుకుంటూ బతికేస్తాడు.

ఐదో ఎడిషన్‌లో ఆ పాత రుచి గియాస్ లాంటి స్పెల్స్‌లో మిగిలింది. గియాస్, అంటే ఎదుటివాడి మీద ఒక ఆజ్ఞ మోపే మంత్రం, మామూలుగా 30 రోజులు ఉంటుంది. ఆజ్ఞకి ఎదురు తిరిగితే ఐదు డీ10ల (పది ముఖాల పాచికల) మానసిక నష్టం, రోజుకి ఒక్కసారికి మించకుండా. ఏడు, ఎనిమిది లెవెల్ స్లాట్‌తో (మంత్రానికి ఖర్చుపెట్టే శక్తి మెట్టుతో) వేస్తే ఏడాది. తొమ్మిదైతే విరుగుడు పడేదాకా ఉంటుంది. ఎనిమిదో లెవెల్ ఫీబుల్‌మైండ్ ఇంకా భయంకరం. ఇంటెలిజెన్స్, కరిష్మా రెండూ 1కి పడిపోతాయి. మళ్లీ సేవ్ వేసే అవకాశం 30 రోజులకోసారి.

ఈ పద్ధతి మన వైపు బాగా నప్పుతుంది. వారాన్ని సంతతో లెక్కపెట్టే అలవాటు రాయగడ, కొరాపుట్ కొండ ఊళ్లలో ఇప్పటికీ ఉంది. చాటికోనలో బుధవారం సంత ఎలాగో, మీ కల్పిత కోట ఊరికీ ఒక సంత రోజు పెట్టండి. సగటు కాపలావాడికి మూడు సంతలకోసారి సేవ్. 'ఈ సంత నాటికి కూడా వాడు మనవాడే' అని ఆటగాళ్లు గుండెలు చేత్తో పట్టుకుని కూర్చుంటారు. గియాస్‌కి అమావాస్య నుంచి అమావాస్య దాకా అని పెట్టుకుంటే 30 తిథులు సరిపోతాయి. రోజులు విడిగా రాయక్కర్లేదు.

ప్రతివారం కలిసే గ్రూపుకి ఇది బంగారం. సెలవుల గ్రూపుకి మాత్రం వద్దు. కథలో గడిచిన రోజులకీ బయట గడిచిన నెలలకీ మధ్య అందరికీ తలతిరుగుతుంది. ఇంకో సంగతి, ఆటగాడి క్యారెక్టర్ మీద నెలల తరబడి ఆజ్ఞ పెడితే ఆ మనిషి ప్రతి సెషన్‌లోనూ సగం చేతులు కట్టుకుని కూర్చోవాల్సి వస్తుంది. ఫీబుల్‌మైండ్‌నైతే నేను ఆటగాళ్ల మీద అసలు వేయను.

జ్ఞాపకం మార్చే స్పెల్స్ గురించి కాస్త విడిగా

మాడిఫై మెమొరీ ఈ లెక్కల్లో దేనికీ పూర్తిగా లొంగదు. ఐదో లెవెల్‌లో వేస్తే గత 24 గంటల్లో జరిగిన, పది నిమిషాలు మించని ఒక సంఘటనని మార్చొచ్చు. పెద్ద స్లాట్‌తో వారం, నెల, ఏడాది కిందటి దాకా, తొమ్మిదో లెవెల్‌తో ఎంత పాత జ్ఞాపకాన్నైనా తాకొచ్చు. ఏకాగ్రత నిమిషమే, మార్పు మాత్రం ఉండిపోతుంది. రిమూవ్ కర్స్ లేదా గ్రేటర్ రిస్టొరేషన్ పడితేనే అసలు జ్ఞాపకం తిరిగొస్తుంది. మార్చిన జ్ఞాపకం మరీ అసంబద్ధంగా ఉంటే ఆ మనిషి దాన్ని కలగానో మరోలానో కొట్టిపారేస్తాడని కూడా పుస్తకం చెబుతుంది.

ఇక్కడ డీఎం తేల్చుకోవాల్సింది ఒకటే. ఆటగాడికి నిజం చెప్పాలా, దాచాలా? దాస్తే తర్వాత బయటపడినప్పుడు టేబుల్ ఉలిక్కిపడుతుంది, నిజమే. కానీ నాలుగు సెషన్ల పాటు తను ఆడింది అబద్ధం మీద అని తెలిస్తే కొందరికి కోపం వస్తుంది, ఆ కోపం న్యాయమైనదే. నేను చెప్పేస్తాను. చెబితే ఆటగాడే దాన్ని అందంగా నడిపిస్తాడు. తెలియనట్టు నటిస్తూ, నిజానికి దగ్గరగా వెళ్లే సీన్లు తనే వెతుక్కుంటాడు.

విరుగుడు స్పెల్స్ అందుబాటులో లేని చిన్న లెవెల్ క్యారెక్టర్లకి ఒక ఆనవాలు పెట్టండి. దుర్వాసుడి శాపంతో దుష్యంతుడు శకుంతలని మరిచిపోయినా, చేప కడుపులో దొరికిన ఉంగరం చూడగానే అంతా గుర్తొచ్చింది. గుర్తొచ్చాక అతను పడిన బాధే ఆ కథకి ప్రాణం. మీ ఆటలోనూ ఒక ఉంగరమో, ఒక పాట చరణమో, తన చేత్తోనే రాసుకున్న ఒక చీటీయో ఎక్కడో ఉండాలి. అది ఎక్కడుందో మొదటి రోజే రాసి పెట్టుకోండి.

3. పాయింట్ల లెక్క

కాల్ ఆఫ్ క్తుల్హు (1981) ఆటలో మనసుకీ ఒక అంకె ఉంటుంది, శానిటీ. ఏడో ఎడిషన్ ప్రకారం ఒకే రోల్‌లో 5 గానీ అంతకంటే ఎక్కువ గానీ పోతే ఇంటెలిజెన్స్ రోల్ వేయాలి. అది నెగ్గితే, అంటే చూసింది పూర్తిగా బుర్రకెక్కితే, తాత్కాలికంగా మతి చెదురుతుంది. ఆట రోజు ఒక్కదానిలో ఉన్నదాంట్లో ఐదో వంతు పోతే నిరవధికంగా. సున్నాకి చేరితే ఆ క్యారెక్టర్ ఇక ఆటగాడిది కాదు. క్తుల్హు మిథోస్ (ఆ ఆటలోని భయానక రహస్యాలు) గురించి తెలిసేకొద్దీ గరిష్ఠ శానిటీ 99 నుంచి అంతకంత తగ్గుతుంది కూడా.

అన్‌నోన్ ఆర్మీస్ (1998) ఇంకొంచెం లోతుకి వెళ్లింది. హింస, అసహజం, నిస్సహాయత, ఒంటరితనం, తనతో తనకి తగువు అని ఐదు మీటర్లు. ప్రతి దెబ్బకీ మనిషి ఒక వైపు బండబారతాడు, లేదా ఇంకో వైపు బీటలు వారతాడు. మనసుని వశం చేసే మంత్రాలకి నిస్సహాయత, తనతో తగువు అనే ఆ రెండు మీటర్లూ అచ్చు గుద్దినట్టు సరిపోతాయి. వేరే ఆటలోకి అరువు తెచ్చుకోవాలనుకుంటే ఆ రెండే తెచ్చుకోండి, చాలు.

ఐదో ఎడిషన్ డన్జన్ మాస్టర్స్ గైడ్ (2014)లోనూ ఇష్టమైతే వాడుకోమని మతిభ్రమ పట్టికలున్నాయి. కొద్దిపాటిది 1డీ10 నిమిషాలు, దీర్ఘమైనది 1డీ10 ఇంటూ 10 గంటలు, మూడోది నయం చేసేదాకా. డైస్ వేసి మనిషి మనసు ఎలా విరిగిందో తేల్చడం నాకు నచ్చదు. అంకె తగ్గడం దాకా డైస్‌కి వదిలేయండి. ఎలా విరిగిందన్నది ఆటగాణ్నే అడగండి.

భయానక కథలకి ఈ పద్ధతిని మించింది లేదు. పతనం కళ్లముందు అంకెల్లో కనిపిస్తూ ఉంటుంది. సరదా సాహసాలకి మాత్రం బరువెక్కువ.

4. గాయంలా రాసుకోవడం

ఫేట్ కోర్ (2013) ఆటలో ఒంటి దెబ్బకీ మనసు దెబ్బకీ ఒకే ఏర్పాటు. తేలిక, మధ్యస్థం, తీవ్రం అని మూడు గడులు, వాటి విలువలు 2, 4, 6. గడిలో అంకె బదులు ఒక మాట రాస్తారు. 'కోటలో ఎవరినీ నమ్మలేను', 'ఆమె గొంతు ఇంకా వినిపిస్తోంది' లాంటివి. నయం కావడం మొదలయ్యాక తేలికది ఒక సీన్ గడిస్తే పోతుంది, మధ్యస్థం ఒక సెషన్, తీవ్రమైనది ఆ కథాఘట్టం పూర్తయ్యేదాకా ఉంటుంది.

సెలవుల టేబుల్‌కి దీన్ని మించింది నాకు కనపడలేదు. కాలాన్ని రోజుల్లో కాకుండా సీన్లలో, సెషన్లలో కొలుస్తుంది కాబట్టి దసరాకీ సంక్రాంతికీ మధ్య ఎన్ని నెలలు గడిచినా ఇబ్బంది లేదు. షీట్ తీయగానే ఆ వాక్యం అక్కడే ఉంటుంది. వాక్యం రాసేది ఆటగాడే కాబట్టి నేను మొదట చెప్పిన షరతు కూడా నెరవేరుతుంది. ఐదో ఎడిషన్ ఆడేవాళ్లు కూడా షీట్ వెనకాల మూడు గీతలు గీసుకుని దీన్ని వాడుకోవచ్చు. ఆ వాక్యం అడ్డుపడే చోట డిసడ్వాంటేజ్ (రెండుసార్లు పాచిక వేసి తక్కువది తీసుకోవడం) ఇస్తే సరి.

5. అంకెలు లేకుండా, మూడు ప్రశ్నలతో

మాయ దిగగానే డీఎం ఆ ఆటగాణ్ని మూడు మాటలు అడుగుతాడు. నీకు ఏం గుర్తుంది? ఎవరి మీద కోపంగా ఉంది? ఇకమీదట ఏ పని మునుపటిలా చేయలేవు? జవాబులు టేబుల్ అంతా వింటుంది. అంతకుమించి రూల్ లేదు.

మా పర్లాకిమిడి టేబుల్‌లో జరిగింది చెబుతాను. గుణుపురం నుంచి వచ్చే కుర్రాడొకడు కోట కాపలాదారుగా ఆడతాడు. మంత్రగాడు వాడి మీద సజెషన్ వేశాడు. ఏకాగ్రత తప్పకపోతే ఎనిమిది గంటల దాకా ఉండే స్పెల్ అది. తాళాలకి తుప్పు పట్టింది, నూనె రాసి ఇస్తాను, గుత్తి ఇటివ్వు అన్నాడు. వీడు ఇచ్చేశాడు. మాయ దిగాక మొదటి ప్రశ్న అడిగాను. వాడు టేబుల్ మీదున్న డీ20ని వేలితో కాసేపు దొర్లించి, 'ఇచ్చింది గుర్తుంది. ఎందుకిచ్చానో కూడా గుర్తుంది. ఇప్పుడు ఆలోచించినా ఆ కారణం బాగానే ఉన్నట్టుంది. అదే భయమేస్తంది అన్నా' అన్నాడు. సజెషన్ రూల్‌లో, మాయ జరిగిందని తెలుస్తుందన్న వాక్యమే లేదు. ఆ ఖాళీలోంచి వాడు ఈ మాట తీశాడు. ఆ తర్వాత ఆ కాపలాదారు ఎవరికి తాళాలిచ్చినా పక్కన ఇంకొకరిని సాక్షిగా నిలబెట్టుకునేవాడు. దానికి అంకె లేదు, గడువు లేదు. వాడు ఎప్పుడు మానాలనుకుంటే అప్పుడు మానేస్తాడు.

విరాటపర్వంలో అర్జునుడు సమ్మోహనాస్త్రం వేస్తే కౌరవసేన సోలిపోయింది. ఉత్తరుడు వెళ్లి ఉత్తర బొమ్మల కోసం వాళ్ల వస్త్రాలు తెచ్చాడు. విరుగుడు తెలిసిన భీష్ముడి జోలికి మాత్రం వెళ్లొద్దని అర్జునుడు ముందే హెచ్చరించాడు. తెలివొచ్చాక దుర్యోధనుడు మండిపడితే, ఇక వెనక్కి పదమన్నది ఆ భీష్ముడే. అస్త్రం ప్రభావం కొద్దిసేపే, అవమానం మాత్రం ఇంటిదాకా వెంట వచ్చింది. మూడు ప్రశ్నల పద్ధతి పట్టుకునేది ఆ అవమానాన్నే.

దీని బలహీనత కూడా అక్కడే ఉంది. మాటలు రాని, సిగ్గుపడే ఆటగాడికి ఇది పరీక్షలా ఉంటుంది. అలాంటివాళ్లకి ప్రశ్నలు ముందే చెప్పి, జవాబు తర్వాతి సెషన్‌కి తెమ్మనండి.

ఒక్క చూపులో

| పద్ధతి | ఎంతకాలం | లెక్క | విరుగుడు | ఎవరికి నప్పుతుంది |
|---|---|---|---|---|
| టైమ్ అయ్యాక తెలిసిపోవడం | నిమిషం నుంచి గంట | లేదు | అవసరం లేదు | కొత్త టేబుల్, ఎన్‌పీసీల మీద మాయ |
| క్యాలెండర్ | వారాలు, నెలలు | ఎక్కువ | సేవ్, రిమూవ్ కర్స్ లాంటివి | ప్రతివారం కలిసేవాళ్లు |
| పాయింట్లు | క్యాంపెయిన్ (సెషన్ల మీదుగా సాగే కథ) అంతా | మధ్యస్థం | నెమ్మదిగా, కొంతవరకే | భయానక కథలు |
| గాయం | సీన్, సెషన్, కథాఘట్టం | తక్కువ | కాలం, తోటివాళ్ల సాయం | సెలవుల టేబుల్ |
| మూడు ప్రశ్నలు | ఆటగాడి ఇష్టం | లేదు | ఆటగాడి ఇష్టం | బాగా పరిచయమున్నవాళ్లు |

మన ఊళ్లలో ఇంకో జాగ్రత్త

ఈ విషయంలో బయటి గైడ్లు సరిపోవు. మనసుని వశం చేసుకోవడమన్నది మన చుట్టూ ఇంకా ఊహ కాదు. 'మందు పెట్టింది', 'చిల్లంగి చేశారు' అన్న మాటల వల్ల ఆడవాళ్లు, ఒంటరి ముసలివాళ్లు దెబ్బలు తిన్నారు, ఊళ్లు వదిలారు, ప్రాణాలు పోగొట్టుకున్నారు. మంత్రగత్తె ముద్ర వేసి హింసించడాన్ని ఆపడానికే ఒడిశా 2013లో ప్రత్యేక చట్టం తెచ్చింది. అదే ఏడాది మహారాష్ట్ర కూడా చేతబడి, నరబలి లాంటివాటి మీద చట్టం చేసింది. గడ్చిరోలి, సిరోంచా వైపు ఆడేవాళ్లకీ ఈ మాట వర్తిస్తుంది.

కాబట్టి విలన్‌గా ఊరి చివర ఒంటరిగా ఉండే ముసలామెని పెట్టకండి. రాజాస్థానం మంత్రగాణ్ని పెట్టండి, వడ్డీ వ్యాపారిని పెట్టండి. స్పెల్స్‌ని చార్మ్, సజెషన్ అనే పేర్లతోనే పిలవండి, చిల్లంగి అనకండి. మీ టేబుల్‌లో ఎవరి ఇంట్లో ఏం జరిగిందో మీకు తెలియదు. ఇంకోటి, ప్రేమ కోసం, పెళ్లి కోసం మాయ వేయడం నా టేబుల్‌లో పూర్తిగా నిషేధం. ఎన్‌పీసీ మీదైనా సరే.

మొదటి రోజే ఇవన్నీ మాట్లాడుకోండి. 2003లో ఆటల రూపకర్త రాన్ ఎడ్వర్డ్స్ చెప్పిన పద్ధతిలో రెండు జాబితాలు రాయండి. ఆటలో అసలు రాకూడనివి ఒకటి, వచ్చినా తెర వెనకే జరిగిపోవాల్సినవి ఒకటి. 2013లో జాన్ స్టావ్రోపౌలోస్ రూపొందించిన ఎక్స్ కార్డ్ కూడా మధ్యలో పెట్టండి. ఎవరైనా దాన్ని తాకితే కారణం అడక్కుండా ఆ సీన్ మార్చేయాలి. మనసుని వశం చేసే మంత్రాలున్న ఆటకి నేనైతే దీన్ని తప్పనిసరి అంటాను.

ఎవరు ఏది తీసుకోవాలి

కొత్తగా డీఎం అయినవాళ్లు మొదటి పద్ధతితోనే మొదలుపెట్టండి. ఆటగాడి క్యారెక్టర్ మాయలో పడిన రోజు మాత్రం దానికి మూడు ప్రశ్నల్లో మొదటిది ఒక్కటి తగిలించండి.

ఇంట్లో తమ్ముళ్లు, మేనల్లుళ్లు, పిన్ని కూతుళ్లతో ఆడేవాళ్లకి గాయం పద్ధతి మంచిది, అదీ తేలిక గడి ఒక్కటే. పదేళ్ల పిల్లాడు తన క్యారెక్టర్ మనసు విరిగిందంటే రాత్రి నిద్రపోడు. 'మధ్యాహ్నం దాకా నాకు కప్పలంటే ప్రేమ' అని రాసిస్తే ఎగిరి గంతేస్తాడు.

సెలవులకి కలిసే కాలేజీ గ్రూపుకి గాయం మూడు గడులతో, పైన మూడు ప్రశ్నలు. షీట్లు ఊళ్లోనే ఉండే ఎవరో ఒకరి దగ్గర పెట్టండి. హాస్టళ్లలో పోతాయి.

ప్రతివారం ఆడే పాత గ్రూపైతే క్యాలెండర్ పద్ధతి ధైర్యంగా తీసుకోండి. విరుగుడు ధర మాత్రం ముందే తేల్చుకోండి. గ్రేటర్ రిస్టొరేషన్‌కి ఒక్కోసారికి వంద బంగారు నాణేల విలువైన వజ్రపు పొడి కావాలి, వాడగానే అయిపోతుంది. ఆ పొడి మీ ప్రపంచంలో ఏ ఊళ్లో దొరుకుతుందో, ఎవరు అమ్ముతారో, అప్పిస్తారో లేదో నిర్ణయించుకున్నాకే మొదటి గియాస్ వేయండి.